బొలార్డ్‌ల క్రాష్ టెస్ట్ సర్టిఫికెట్ మన పునాదికి వర్తిస్తుందా?

వీధిరేఖ

అందరికీ నమస్కారం. నేను స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని. జనం నడిచే ఒక వీధి మొదట్లో బొలార్డ్‌ల, అంటే బండ్లను ఆపే పొట్టి స్తంభాల, వరుస వేయాలి. కావాలని వాహనాన్ని జనం మీదికి తోలే దాడిని ఆపడమే వాటి పని. సరఫరాదారు ఇచ్చిన సర్టిఫికెట్ మీద "ఎం50 పీ1" అని ఉంది. పరీక్షలో వాడిన పునాది లోతు 1.2 మీటర్లు. మా దగ్గర 500 మిల్లీమీటర్లు తవ్వగానే నీటి గొట్టం, కేబుళ్లు తగులుతున్నాయి.

గుత్తేదారు మాట: "బొలార్డ్ అదే కదా, లోతు తగ్గించి కడ్డీలు పెంచుదాం." ఆర్కిటెక్ట్‌కి బొలార్డ్‌లే ఇష్టం లేదు, పెద్ద పూల తొట్లు పెడదామంటున్నారు. ఈ రెండు మాటల్లో దేనికీ నాకు మనసు ఒప్పడం లేదు. కానీ కాదనడానికి సరైన కారణం చేతిలో ఉండాలి. పునాది మారితే సర్టిఫికెట్ నిలుస్తుందా? తొట్లు లారీని ఆపుతాయా? స్థలం వివరాలు, డ్రాయింగులు ఇక్కడ పెట్టను, అడగొద్దు.

జడత్వం

వివరాలు పెట్టకపోవడం మంచి పని చేశారు. మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో: నిలవదు. ఎందుకో చెప్పాలంటే ఆ రెండు అక్షరాల వెనక ఏముందో చూడాలి.

1983 అక్టోబరులో బీరూట్‌లో పేలుడు పదార్థాలు నింపిన లారీ అమెరికన్ సైనికుల బ్యారక్స్‌లోకి చొరబడి 241 మందిని చంపింది. అదే ఏడాది ఏప్రిల్‌లో అక్కడి అమెరికా రాయబార కార్యాలయం మీద కూడా వాహన బాంబు దాడి జరిగింది. ఆ తర్వాత, 1985లో, అమెరికా విదేశాంగ శాఖ అడ్డంకులను లారీతో గుద్దించి చూసే ప్రమాణం తెచ్చింది. పాతవాళ్లు ఇప్పటికీ వాడే కే4, కే8, కే12 అక్కడివే. 15,000 పౌండ్ల లారీ, అంటే సుమారు 6,800 కిలోలు, గంటకు 30, 40, 50 మైళ్ల వేగంతో వచ్చి గుద్దుతుంది. 2007లో ఏఎస్‌టీఎం ఎఫ్2656 అనే అమెరికన్ ప్రమాణం వచ్చాక అవే ఎం30, ఎం40, ఎం50 అయ్యాయి. మీ ఎం50 అంటే గంటకు 80 కిలోమీటర్లు.

పీ1 అంటే చొరబాటు ఒక మీటరు లోపు. పీ2 అయితే 7 మీటర్ల వరకు, పీ3 అయితే 30 మీటర్ల వరకు. ఆ దూరాన్ని లారీ ముక్కు నుంచి కొలవరని చాలామందికి తెలియదు. మధ్యతరహా లారీకి, సామాను వేసే తొట్టి ముందు అంచు అడ్డంకి లోపలి ముఖాన్ని దాటి ఎంత దూరం వచ్చిందో చూస్తారు. బాంబు ఉండేది తొట్టిలో కాబట్టి ఆ కొలత పెట్టారు. దాని ప్రకారం క్యాబిన్ నుజ్జయి బొలార్డ్ మీదుగా ఇవతలికి వేలాడినా పీ1 రావచ్చు. మీది భవనం కాదు, నడకదారి. బొలార్డ్ వెనక ఒకటిన్నర మీటరు దూరంలో బెంచీ వేసి దాన్ని సురక్షితం అనుకుంటే కుదరదు.

బ్రిటన్‌లో ఇలాంటి పరీక్షకు పీఏఎస్ 68 అనే ప్రమాణం ఉండేది. 2013లో అంతర్జాతీయంగా ఐడబ్ల్యూఏ 14, 2023లో ఐఎస్ఓ 22343 వచ్చాయి. పీఏఎస్ 68 చొరబాటును అడ్డంకి వెనక ముఖం నుంచి కొలిచేది, ఐడబ్ల్యూఏ 14 ముందు ముఖం నుంచి. అందుకే వేర్వేరు ప్రమాణాల సర్టిఫికెట్లను పక్కపక్కన పెట్టి అంకెలు మాత్రమే పోల్చకండి.

కొత్తచిగురు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, నేను సివిల్ చివరి ఏడాది విద్యార్థిని. జాతీయ రహదారుల పక్కన ఉండే మెటల్ బీమ్ రెయిలింగ్, కాంక్రీటు అడ్డుగోడలు కూడా క్రాష్ టెస్ట్ అయినవే కదా. వాటినే వాడొచ్చుగా?

లోడ్‌దారి

మంచి ప్రశ్న. పని చేసేవాళ్లలో కూడా ఈ పొరపాటు కనిపిస్తుంది.

రహదారి అడ్డుగోడ పని, అదుపు తప్పిన బండిని మెల్లగా మళ్లించి లోపలున్నవాళ్లను బతికించడం. బండి పక్కవాటుగా వచ్చి రాసుకుంటుందన్న లెక్కతో పరీక్ష చేస్తారు. యూరప్ ప్రమాణం ఈఎన్ 1317లో హెచ్2 తరగతికి 13 టన్నుల బస్సు 70 కిలోమీటర్ల వేగంతో, కానీ 20 డిగ్రీల కోణంలో తగులుతుంది. గోడకు లంబంగా వచ్చే వేగం మొత్తం వేగంలో సైన్ 20 వంతు. శక్తి దాని వర్గం, అంటే మొత్తంలో దాదాపు 12 శాతం. లెక్కేస్తే 287 కిలోజౌళ్లు.

ఇప్పుడు ఎం50 చూడండి. 6,800 కిలోలు, సెకనుకు 22.2 మీటర్లు, 90 డిగ్రీలు. దాదాపు 1,680 కిలోజౌళ్లు. దాదాపు ఆరు రెట్లు. పైగా డ్రైవర్‌కి దెబ్బ తగలకుండా చూడాలన్న నియమం ఇక్కడ లేదు. ఒకటి మెత్తగా మళ్లించాలి, ఇంకొకటి ఉన్నచోటే ఆపాలి.

తాకిడి

ఇలాంటి పరీక్షలు చేసే మైదానంలో నేను పనిచేశాను. వీధిరేఖ గారి మొదటి ప్రశ్నకు అక్కడ చూసినదాన్ని బట్టి చెప్తాను.

లారీని కేబుల్‌తో లాగుతారు లేదా దూరం నుంచి నడుపుతారు. బరువు కదలకుండా కట్టేస్తారు. తాకడానికి కాస్త ముందు వేగం కొలుస్తారు. చుట్టూ హైస్పీడ్ కెమెరాలు ఉంటాయి. తాకాక మొత్తం వ్యవహారం సెకనులో చిన్న భాగంలో ముగుస్తుంది. లారీ నలుగుడు, బొలార్డ్ వంగుడు కలిపి ఒకటిన్నర మీటర్లలో ఆగిందనుకుంటే, పట్టే సమయం సెకనులో ఏడో వంతు. ఆ సమయంలో సగటు బలం 1,100 కిలోన్యూటన్లు, అంటే 110 టన్నుల పైమాట. ఇంజిన్ దిమ్మ తగిలే క్షణంలో ఇంకా ఎక్కువ.

చూసేవాళ్లంతా లారీ వైపు చూస్తారు. మేం చూసేది నేల. ఆ 110 టన్నులు బొలార్డ్‌లోంచి పునాదిలోకి, పునాదిలోంచి మట్టిలోకి పోవాలి. లోతైన పునాది పక్కనున్న మట్టిని నెట్టి నిలబడుతుంది. పైపైన వేసిన పునాదికి ఆ మట్టి ఆసరా లేదు, అది తిరగబడకుండా తన వెడల్పుతో, బరువుతో నిలబడాలి. రెండింటి పనితీరే వేరు. 1.2 మీటర్ల డిజైన్‌ని 500 మిల్లీమీటర్లకు కోసి కడ్డీలు పెంచితే కాంక్రీటు గట్టిగానే ఉంటుంది, కానీ దిమ్మంతా వేళ్లతో సహా చెట్టు ఒరిగినట్టు ఒరుగుతుంది. కడ్డీలు దాన్ని ఆపలేవు.

కాబట్టి గుత్తేదారుతో బేరం వద్దు. తక్కువ లోతు పునాదితోనే పరీక్షించిన బొలార్డ్‌లు దొరుకుతాయి. వెడల్పాటి స్టీల్ చట్రం, దాంట్లో కాంక్రీటు, నాలుగైదు బొలార్డ్‌లు ఒకే చట్రానికి. 300 మిల్లీమీటర్ల కంటే తక్కువ లోతులో పరీక్ష నెగ్గినవి కూడా ఉన్నాయి. సర్టిఫికెట్ ఒక్కటే కాకుండా పూర్తి పరీక్షా నివేదిక, వీడియో అడగండి. కాంక్రీటు బలం ఎంత, కింద ఏ మట్టి, ఎంత గట్టిగా దట్టించారు, ఎన్ని బొలార్డ్‌లు కలిపి పరీక్షించారు, లారీ ఏ బొలార్డ్‌ని తాకింది, ఇవన్నీ అందులో ఉంటాయి. ఐదింటి చట్రాన్ని పరీక్షించి మీకు రెండింటి చట్రం అమ్మితే అది పరీక్షించిన వస్తువు కాదు.

ఇవ్వనంటే ఆ సరఫరాదారుని వదిలేయండి.

వీధిరేఖ

తాకిడి గారూ, ఇదే నాకు కావలసింది. మట్టి సంగతి నేను అసలు ఆలోచించలేదు, మా దగ్గర పాత గుంతలు పూడ్చిన నేల. తొట్ల విషయం ఎవరైనా చెప్తారా? ఆర్కిటెక్ట్ గారు "రెండున్నర టన్నుల తొట్టిని ఎవరు కదిలిస్తారు" అంటున్నారు.

జడత్వం

లారీ కదిలిస్తుంది. లెక్క చూడండి.

7,200 కిలోల లారీ గంటకు 48 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 13.3 మీటర్లతో, నేల మీద ఊరికే పెట్టిన 2,400 కిలోల దిమ్మను గుద్దిందనుకోండి. రెండూ కలిసి కదిలితే ద్రవ్యవేగ నియమం ప్రకారం వేగం సెకనుకు 10 మీటర్లు. గంటకు 36 కిలోమీటర్లు. ఇంకా 480 కిలోజౌళ్లు మిగిలే ఉంది. లారీ చక్రాలు తిరుగుతూనే ఉండి, నేలతో రాపిడి దిమ్మకు మాత్రమే ఉంటే, రాపిడి గుణకం 0.5 తీసుకున్నా ఆగడానికి 40 మీటర్లు పడుతుంది. లారీ చక్రాలు కూడా బిగుసుకుపోయి జారితే 10 మీటర్లు. నిజం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. ఆ దూరమంతా జనం ఉంటే లారీతో పాటు తొట్టి కూడా వాళ్ల మీదికే వస్తుంది.

ఇది కాగితం లెక్క మాత్రమే కాదు. 2017లో జర్మనీలో డెక్రా సంస్థ 10 టన్నుల లారీని 50 కిలోమీటర్ల వేగంతో 2.4 టన్నుల కాంక్రీటు దిమ్మలకు గుద్దించి చూసింది. దిమ్మలు పక్కకు ఎగిరిపోయాయి, లారీ ముందుకు సాగింది. 2016లో బెర్లిన్ బ్రైట్‌షైడ్‌ప్లాట్జ్‌లో క్రిస్మస్ సంత మీదికి లారీ తోలిన దాడి తర్వాత క్రిస్మస్ సంతల చుట్టూ అలాంటి దిమ్మలే పెడుతున్నారని ఆ పరీక్ష చేశారు.

ఉత్సవకమిటీ

నేను పెద్ద ఊరేగింపులు, బహిరంగ సభల ఏర్పాట్లు చూస్తాను. జడత్వం గారి లెక్కను కాదనను. కానీ "దిమ్మలు పనికిరావు" అన్న మాట మా పనిలో ప్రమాదకరంగా మారుతుంది. మాకు ఒక్క రోజు కోసం రోడ్డు తవ్వనివ్వరు. దిమ్మలు వద్దంటే అక్కడ ఉండేది రెండు ప్లాస్టిక్ బారికేడ్లు, ఒక తాడు. దిమ్మ కారుని ఆపదా? లారీని ఆపకపోయినా వేగం తగ్గించదా? ఏమీ లేనిదాని కంటే ఇది నయం కాదా?

తాకిడి

కారు విషయంలో మీరన్నది కొంతవరకు నిజం. 1,500 కిలోల కారుకి 2,400 కిలోల దిమ్మ బాగానే అడ్డు. కానీ మీ చేతిలో ఉన్నవి ప్లాస్టిక్ బారికేడ్లు, కాంక్రీటు దిమ్మలు ఈ రెండే కావు. తాత్కాలిక అడ్డంకుల కోసమే జర్మనీలో 2021లో డిన్ స్పెక్ 91414 అనే ప్రమాణం మొదటి భాగం వచ్చింది. తవ్వకుండా పెట్టే స్టీల్ అడ్డంకులు చాలానే పరీక్షించారు. ఎల్ ఆకారంలో ఉండి, బండి ముందు చక్రాలు దాని అడుగు పలక మీదికి ఎక్కగానే బండి బరువే దాన్ని నేలకు అదుముతుంది, వెనక అంచు రోడ్డులో దిగబడుతుంది. సొంత బరువు మీద ఆధారపడదు కాబట్టి మనుషులు మోసుకెళ్లి పెట్టగలిగినంత తేలికగా చేసినవి కూడా ఉన్నాయి.

దిమ్మలే వాడాల్సి వస్తే ఒకదానితో ఒకటి స్టీల్‌తో ముడివేయండి. ఒకటి కదిలితే పక్కవి కూడా కదలాలి, అప్పుడు అడ్డొచ్చే ద్రవ్యరాశి పెరుగుతుంది. ఇక వెనక ఖాళీ స్థలం వదలండి, అందులో జనాన్ని నిలబెట్టకండి. ఇది ఖర్చు లేని పని, అయినా ఎక్కువగా మరిచిపోయేదీ ఇదే.

ఉత్సవకమిటీ

వెనక ఖాళీ వదలమన్నది రేపే అమలు చేయగలను. ముడివేసిన దిమ్మలకు పరీక్ష నివేదికలు ఉంటాయా?

తాకిడి

కొన్నిటికి ఉంటాయి. ముడి ఎలా వేశారో, ఎన్ని దిమ్మల వరుసో కూడా అందులో రాసి ఉంటుంది. అదే కూర్పు వాడాలి.

మలుపు

అందరూ అడ్డంకి ఎంత గట్టిది అనే చూస్తున్నారు. నేను రవాణా ప్లానింగ్ వైపు నుంచి చెప్తాను: అసలు ఆ చోటికి లారీ 80 కిలోమీటర్ల వేగంతో రాగలదా?

శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 48కి తగ్గిస్తే మిగిలేది 36 శాతం. వీధిరేఖ గారి వీధికి చేరే రోడ్డు ఎంత పొడవు నిటారుగా ఉంది? బరువెక్కిన లారీ సెకనుకు ఒక మీటరు చొప్పున వేగం పెంచుకుంటుందనుకుంటే, ఆగి ఉన్న చోటి నుంచి 60 మీటర్లలో 39 కిలోమీటర్ల వేగం, 150 మీటర్లలో 62. మలుపు ఉంటే ఇంకా తగ్గుతుంది. 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో, రోడ్డు పట్టు 0.7 అనుకున్నా, 36 కిలోమీటర్లు దాటితే బండి జారుతుంది. ఎత్తయిన లారీ అంతకు ముందే ఒరగవచ్చు. అమెరికాలో విపత్తు నిర్వహణ సంస్థ ఫీమా 2007లో వెలువరించిన 430వ గ్రంథంలో ఈ పద్ధతి వివరంగా ఉంది. బ్రిటన్‌లో స్థలానికి వెళ్లి వాహన గతి అంచనా వేశాకే ఏ వేగానికి అడ్డంకి కావాలో తేలుస్తారు.

రోడ్డు వంపు మార్చడం, పార్కింగ్ గళ్లు అటూ ఇటూ మార్చి వేయడం, మధ్యలో ద్వీపం కట్టడం వంటివి చేస్తే ఎం50 అక్కర్లేక ఎం30 సరిపోవచ్చు. పునాది కూడా చిన్నదవుతుంది, మీ గొట్టాల సమస్య సగం తీరుతుంది. ఏ కోణంలో తగులుతుందో కూడా చూడండి. బొలార్డ్‌ల వరుసకు లంబంగా ఒక్క రోడ్డే ఉందా, పక్క సందు నుంచి ఇంకో దారి ఉందా?

నేలకింద

బొలార్డ్‌ల మధ్య ఖాళీ గురించి ఎవరూ మాట్లాడలేదు. బ్రిటిష్ మార్గదర్శకాల్లో రెండు బొలార్డ్‌ల మధ్య వదిలే ఖాళీ 1.2 మీటర్లకు మించకూడదు, లేకపోతే చిన్న కారు దూరిపోతుంది. అలాగని మరీ దగ్గర చేస్తే చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు, పిల్లల బండి తోసుకొచ్చేవాళ్లకు దారి ఉండదు. 900 మిల్లీమీటర్ల కంటే తగ్గకండి. మా నాన్నగారు చక్రాల కుర్చీ వాడతారు. భద్రత పేరుతో కట్టినవి ఆయన్ని ఇంటికి తిప్పి పంపడం చూశాను, అందుకే అడగకపోయినా రాస్తున్నాను.

ఈ ఖాళీ వరుస పొడవునా ఉండాలి. గోడ దగ్గర, దీపస్తంభం దగ్గర, కాలిబాట చివర ఒకటిన్నర రెండు మీటర్లు మిగిలిపోవడం మామూలే. బండి ఎలాంటి చోట దూరుతుందో జర్మనీలోని మాగ్డెబర్గ్ నగరం చూపించింది. 2024 డిసెంబరు 20న అక్కడి క్రిస్మస్ సంత చుట్టూ దిమ్మలు ఉన్నాయి. అంబులెన్సులు, ఫైరింజన్ల కోసం వదిలిన దారిలోంచి కారు లోపలికి వచ్చింది. ఆరుగురు చనిపోయారు, మూడు వందల మందికి పైగా గాయపడ్డారు.

లోడ్‌దారి

నేలకింద గారూ, చివరి మాటకు ఒక చేర్పు. ఆ దారి అక్కర్లేదని కాదు. మంట లేస్తే, తొక్కిసలాట జరిగితే ఫైరింజన్ లోపలికి రాకపోవడం కూడా ప్రాణాంతకమే. ఆ ఒక్క చోట కదిలే అడ్డంకి ఉండాలి: దిగే బొలార్డ్ గానీ, జరిగే గేటు గానీ, మనిషి కాపలాతో అడ్డంగా నిలిపిన బరువైన బండి గానీ. మామూలుగా మూసి ఉండాలి, అవసరమైతే తెరవాలి. ఎక్కువ చోట్ల దీనికి తలకిందులుగా ఉంటుంది.

వీధిరేఖ

కదిలే బొలార్డ్‌ల నిర్వహణ గురించి భయంగా ఉంది. బాగున్నంత కాలం బాగుంటాయి, ఆ తర్వాత?

నేలకింద

భయపడాల్సిందే. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో బర్బన్ వీధికి 2017లో జరిగే బొలార్డ్‌లు పెట్టారు. మార్డి గ్రా పండుగలో విసిరే పూసలు, చెత్త వాటి పట్టాల్లో ఇరుక్కుని పనిచేయడం మానేశాయి. వాటిని తీసి కొత్తవి వేస్తుండగా, 2025 జనవరి 1న ఒక పికప్ ట్రక్కు అడ్డంగా పెట్టిన పోలీసు కారును తప్పించుకుని కాలిబాట మీదుగా వీధిలోకి వచ్చింది. 14 మంది చనిపోయారు. వేయబోతున్న కొత్తవి గంటకు 16 కిలోమీటర్ల తాకిడికే లెక్కగట్టినవని తర్వాత వార్తల్లో వచ్చింది.

అందులో మూడు విషయాలున్నాయి. వీధిలో రాలే చెత్త ఏమిటో డిజైన్ చేసినవాళ్లు ఆలోచించాలి. మరమ్మతు చేసే రోజుల్లో ఏం అడ్డు పెట్టాలో ముందే రాసి ఉండాలి. కాలిబాట కూడా బండి పట్టే దారే. మీ ఒప్పందంలో నీరు పోయే కాలువ, శుభ్రం చేసే గడువు, విడిభాగాల సరఫరా రాయించండి. వీలైతే కదిలేది ఒక్కటే ఉంచి మిగతావన్నీ స్థిరమైనవి వేయండి.

కొత్తచిగురు

ఇంత చదివాక నిరాశగా ఉంది. స్థిరమైన బొలార్డ్‌లు నిజంగా ఎక్కడైనా జనాన్ని కాపాడాయా?

జడత్వం

కాపాడాయి. 2007 జూన్ 30న గ్లాస్గో విమానాశ్రయంలో గ్యాస్ సిలిండర్లు నింపిన జీప్ టెర్మినల్ తలుపుల వైపు దూసుకొచ్చింది. భవనం ముందున్న బొలార్డ్‌లు దాన్ని లోపలికి పోనివ్వలేదు. 2017 మే 18న న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఒక కారు కాలిబాట మీద చాలా దూరం వచ్చింది, ఒక అమ్మాయి చనిపోయింది, ఇరవై మందికి పైగా గాయపడ్డారు. చివరికి దాన్ని ఆపింది స్టీల్ బొలార్డే. బొలార్డ్ లేని చోట జనం నష్టపోయారు, ఉన్న చోట బండి ఆగింది.

కడ్డీలెక్క

పునాది మార్చి, మళ్లీ లారీతో గుద్దించే స్తోమత లేనప్పుడు కంప్యూటర్ సిమ్యులేషన్ చాలదా అని ఎవరో అడుగుతారు, ముందే రాస్తున్నాను. నేను ఎల్‌ఎస్‌-డైనా అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఇదే పని చేస్తాను.

సిమ్యులేషన్ దేనికి పనికొస్తుందంటే, ఇప్పటికే గుద్దించి చూసిన డిజైన్‌కి మోడల్ కట్టి, పరీక్షలో కెమెరా చూపిన వంపు, చొరబాటు మోడల్‌లో కూడా వస్తున్నాయా అని సరిచూసుకున్నాక, చిన్న చిన్న మార్పులు అంచనా వేయడానికి. చట్రం కొంచెం వెడల్పు చేస్తే, ఒక కడ్డీ తీసేస్తే, బొలార్డ్ స్టీల్ ట్యూబులో కాంక్రీటు నింపితే ఏమవుతుంది, ఇలాంటివి. ఖాళీ ట్యూబు తాకిన చోట చదునై మడిచిపోతుంది, లోపల కాంక్రీటు ఉంటే గుండ్రంగా నిలిచి ఎక్కువ భారం మోస్తుంది. అది మోడల్‌లో చక్కగా కనిపిస్తుంది.

మట్టి మాత్రం మోడల్‌లో బలహీనమైన చోటు. కాంక్రీటు పగుళ్లు కూడా ఎంచుకున్న మెటీరియల్ మోడల్‌ని బట్టి మారతాయి. అందుకే పరీక్షతో సరిచూడని సిమ్యులేషన్ నివేదికను రంగురంగుల బొమ్మలతో చూపిస్తే నేను సంతకం పెట్టను. మీరు కూడా పెట్టకండి. పూడ్చిన నేల అన్నారు కాబట్టి, తక్కువ లోతు చట్రం కింద మట్టిని తీసి, పరీక్షా నివేదికలో ఉన్న రకం కంకర అదే గట్టిదనంతో దట్టించండి. మోడల్ కట్టే ఖర్చు కంటే అది తక్కువ.

వీధిరేఖ

నిన్న సమావేశం జరిగింది. మలుపు గారు చెప్పినట్టు ముందు దారి కొలిచాం. నిటారు పొడవు అనుకున్న దానికంటే తక్కువ, చివర మలుపు ఉంది. వేగం అంచనా 48 లోపే వచ్చింది. పక్క సందులోంచి ఇంకా తక్కువ. అందుకని ఎం50 వదిలి, తక్కువ లోతు చట్రంతో పరీక్షించిన ఎం30 బొలార్డ్‌లు ఎంచుకున్నాం. కేబుళ్లు చట్రం కిందుగా పోతాయి, నీటి గొట్టాన్ని మాత్రం పక్కకు జరపాలి. ఫైరింజన్ దారి దగ్గర ఒకటే కదిలే బొలార్డ్. ఆర్కిటెక్ట్ గారికి లెక్క చూపించాను, తొట్లు బొలార్డ్‌లకు లోపల, దూరంగా, మొక్కల కోసమే ఉంటాయి. గుత్తేదారు ఇంకా అసంతృప్తిగానే ఉన్నారు.

కాంక్రీటు పోసే రోజు దేని మీద పట్టుబట్టాలి?

తాకిడి

కడ్డీలు కట్టాక, పోయకముందు ప్రతి చట్రం ఫొటోలు తీయించండి, పక్కన టేపు పెట్టి. కింద దట్టించిన కంకర గట్టిదనం పరీక్ష ఫలితం చేతికి వచ్చాకే చట్రం దింపనివ్వండి. కాంక్రీటు బలం పరీక్షించే క్యూబులు తీసి, నివేదికలో ఉన్న బలం వచ్చేదాకా ముందు పెట్టిన తాత్కాలిక అడ్డంకులు తీయొద్దు. 28 రోజులు ఆగడం ఎవరికీ ఇష్టం ఉండదు, అయినా ఆగేలా చూడండి. చట్రం లోతు, నీటి గొట్టం కొత్త దారి, ఏ ఉత్పత్తి, ఏ పరీక్షా నివేదిక, అన్నీ కట్టినట్టుగా గీసిన డ్రాయింగ్‌లో రాసి వీధి నిర్వహణ చూసేవాళ్లకు ఇవ్వండి. కొన్నేళ్లకు ఎవరో కేబుల్ కోసం ఆ చట్రం పక్కనే తవ్వుతారు. కంకర కదిపితే ఏమవుతుందో వాళ్లకు ఆ కాగితమే చెప్పాలి.